ఇనపదున్నలూ, కోరంగివాళ్ళూ

మన పత్రికలో విమర్శ అంటే ఏదో ఒక నవల మీదో, ఉగాదికి పిల్లలచేత వేయించిన నాటిక మీదో, లేక ఊరినుంచి వచ్చి పాడి వెళ్ళిన గాయకుడి మీదో రాయడం ఆనవాయితీ. ఈసారి మేము ట్యాంకుల మ్యూజియంల మీద రాస్తున్నాము. సంపాదకులు మొదట కొంచెం తటపటాయించారు. "డాక్టరుగారూ, మీకూ ట్యాంకులకూ ఏమిటండీ సంబంధం?" అన్నారు. సంబంధం ఉన్నది. చెబుతాము.

ముందుగా ఒక పొరపాటు తొలగించుకోవాలి. "ట్యాంకు మ్యూజియానికి వెళ్దాం" అనగానే మా ఆరేళ్ళ అమ్మాయి, అమ్మమ్మగారింటి డాబా మీద ఉండే నల్లటి సింటెక్స్ ట్యాంకులు వరసగా పేర్చి ఉంటాయనుకున్నది. మా ఇంటావిడది హైదరాబాదు. ఆవిడకు ట్యాంకంటే హుస్సేన్‌సాగర్ గట్టు. కడుపుబ్బ నవ్వుకున్నాము గానీ, పిల్ల మాట మరీ తప్పేమీ కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో ఇంగ్లండువారు ఈ యంత్రాన్ని గుట్టుగా తయారుచేస్తున్నప్పుడు, అదేమిటని అడిగినవాళ్ళకు నీళ్ళు మోసే తొట్టి అని చెప్పేవారు. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులో సోమ్ యుద్ధరంగంలో అది మొదటిసారి కదిలింది. గుట్టు రట్టయినా మారుపేరు మాత్రం అట్లాగే ఉండిపోయింది.

మేమున్న ఇంగ్లండులో డార్సెట్ జిల్లాలోని బోవింగ్టన్ ట్యాంకు మ్యూజియం చూశాము. మహారాష్ట్రలో అహ్మద్‌నగర్ మ్యూజియం చూశాము (2024 నుంచి ఆ ఊరి పేరు అహిల్యానగర్). మూడవది చూద్దామని యాంగోన్ వెళితే అది అక్కడ లేదు. ఈ వ్యాసానికి అసలు కారణం ఆ మూడవదే.

మేము యాంగోన్ వెళ్ళింది 2019 డిసెంబరులో. మా నాయనమ్మ నోట ఆ ఊరు ఎప్పుడూ "రంగం". శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల పెద్దవాళ్ళెవరిని కదిలించినా ఇదే మాట. "ఫలానావాడు రంగం పోయాడు" అంటే అప్పు తీర్చడానికి పోయాడనో, ఆలితో తగవుపడి పోయాడనో, లేక ఇక రాడనో, చెప్పేవాళ్ళ గొంతును బట్టి అర్థం చేసుకోవలసిందే. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల్లో పొగ ఓడ ఎక్కితే బంగాళాఖాతం అవతల దిగేది రంగంలోనే. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీద అక్కడివాళ్ళు తెలుగు కూలీలందరినీ కోరంగివాళ్ళన్నారు. ఆ పిలుపులో గౌరవం ఉండేది కాదు.

మేము దిగిన పేట పేరు చౌక్తడా. బర్మా భాషలో రాతివంతెన అని అర్థం. నగరానికి నడిబొడ్డు. మధ్యన సూలే పగోడా, దాని చుట్టూ నగర సభాభవనం, బందూలా తోట, హైకోర్టు. పాన్సొడాన్ వీధిలో పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల బేరం. ఆ వీధిని వెనకటికి ఫేర్ స్ట్రీటు అనేవారు. దాని చివర స్ట్రాండ్ రోడ్డు, రోడ్డు దాటితే నది. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనాభా నాలుగు లక్షలైతే అందులో సగానికి పైన భారతీయులు. రేవు పనిలో పెద్ద భాగం తెలుగువాళ్ళది. 1930 మేలో వాళ్ళు కూలి పెంచమని సమ్మె కడితే యజమానులు బర్మావాళ్ళను పనిలోకి తెచ్చారు. సమ్మె తీరి మనవాళ్ళు మళ్ళీ పనిలోకి వచ్చిన 26వ తేదీన రేవులో కొట్లాట లేచి, ఊరంతా పాకి, వందమందికి పైగా ప్రాణాలు పోయాయి. ఇద్దరు పేదవాళ్ళను ఒక్క బస్తా మీదికి ఉసిగొల్పిన కథ అది. మా ముత్తాత ఆ రేవులోనే బస్తాలు మోశాడు. మా ఇంట్లో మాత్రం చాలాకాలం "రంగంలో ఉద్యోగం" అని చెప్పుకున్నాము.

పాన్సొడాన్ వెనక సందులో ఒక టీ దుకాణం దగ్గర ఒక పెద్దాయన మా తెలుగు చెవిన పడి ఆగాడు.

"ఏ ఊరు బాబూ మీది?"

"టెక్కలి దగ్గరండీ తాతగారూ."

"మాదీ అటేనంట. నాను సూణ్ణేదు" అని నవ్వాడు. ఆయన తెలుగు మా నాయనమ్మ తెలుగే, మధ్యమధ్య బర్మా మాటలు. ట్యాంకులున్న సైనిక మ్యూజియం ఎక్కడని అడిగితే చెయ్యి ఉత్తరం వైపు చూపించి, "ఎత్తేసినారు కదా బాబూ, కొత్త రాజధానికి" అన్నాడు.

ఎత్తేసిన మాట నిజమే. ష్వేడగాన్ పగోడా రోడ్డులో దశాబ్దాలపాటు ఉన్న ఆ సైనిక ప్రదర్శనశాలను కొత్త రాజధాని నేపిడోకు తరలించారు. అక్కడ దాదాపు 600 ఎకరాల మైదానంలో 2012లో తెరిచారు. పాత స్థలాన్ని హోటలు, ఆఫీసుల సముదాయం కట్టడానికి జపాను కంపెనీల కూటమికి కౌలుకిచ్చారు. 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక ఆ పని ఆగిపోయింది. జపాను సైన్యంతో ముడిపడిన చరిత్రను చూపించిన చోట జపాను హోటలు కట్టబోవడంలో ఎవరికీ తప్పు కనబడలేదు. మాకూ కనబడలేదు, కాస్త నవ్వు మాత్రం వచ్చింది. నేపిడోకు మేము వెళ్ళలేదు గనుక ఆ కొత్త మ్యూజియం మీద తీర్పు చెప్పబోము. ఒక్క మాట మాత్రం అంటాము. ట్యాంకులు దిగిన ఊరినుంచి ట్యాంకుల కథను వందల మైళ్ళ దూరానికి తీసుకుపోతే, రేవుకూ ట్యాంకుకూ ఉన్న బంధుత్వం తెగిపోతుంది. ఇక మేము వచ్చేసిన పధ్నాలుగు నెలలకే ఆ నగరం వీధుల్లో సైన్యం వారి కవచవాహనాలు తిరగడం ఇక్కడ టీవీలో చూశాము. ఆ ఊళ్ళో ఈ వస్తువులు ఇంకా మ్యూజియం వస్తువులు కాలేదు.

రేవుకూ ట్యాంకుకూ బంధుత్వమేమిటో చెప్పాలి కదా.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. విమానాలంటే వింత గనుక జనం వీధుల్లోకి వచ్చి తలెత్తి చూశారు. ఆ ఒక్కరోజే వెయ్యిమందికి పైగా పోయారు. 25న మళ్ళీ వేశాయి. ఆ వారంలోనే రేవు ఖాళీ అవడం మొదలైంది. రెండు నెలల తరువాత, 1942 ఫిబ్రవరి 21న, ఆఫ్రికా ఎడారిలో పోరాడి వచ్చిన బ్రిటిషు 7వ ఆర్మర్డ్ బ్రిగేడు రంగూన్ రేవుకు చేరింది. 7వ హుస్సార్లు, 2వ రాయల్ ట్యాంక్ రెజిమెంటు అనే రెండు దళాలు, వందకు పైగా అమెరికా తయారీ స్టువర్ట్ ట్యాంకులు. ఒక్కొక్కటి పదమూడు టన్నులకు కాస్త అటూ ఇటూగా. ఓడ రేవులో కట్టాక చూస్తే దించేవాళ్ళు లేరు. సైనికులే ఓడ మీది క్రేన్లు పట్టుకుని తంటాలుపడి తమ ట్యాంకులు తామే దించుకున్నారు.

ఈ సంఘటన ఆ దళాల చరిత్రల్లో గొప్పగానే వస్తుంది. గొప్పే. మా అభ్యంతరం ఆ సందర్భంలో వాడే మాట మీద. కూలీలు "పారిపోయారు" అంటారు. సరే, ఆ తరువాత పదిహేనురోజులకే ఆ సైన్యమూ రంగూన్ వదిలింది. దానిని "ఉపసంహరణ" అంటారు. సైన్యం వెనక్కి నడిస్తే వ్యూహమూ, కూలివాడు వెనక్కి నడిస్తే పిరికితనమూ ఎట్లా అవుతాయో మాకు బోధపడలేదు. వాడికి బాంబులనుంచి దాక్కునే గొయ్యి ఎవరూ తవ్వలేదు. రోజుకూలి లేనినాడు తిండి పెట్టేవాడు లేడు. పెళ్ళాంబిడ్డలతో నాలుగడుగుల గదిలో ఉండేవాడు. మేము వైద్యులం గనుక ఇంకొక మాట. భయపడవలసిన చోట భయపడడం రోగలక్షణం కాదు, ఆరోగ్యలక్షణం.

మార్చి 7న సైన్యం ప్రోమ్ రోడ్డు మీదుగా బయలుదేరితే, రంగూన్‌కు ఉత్తరాన టౌక్యాన్ దగ్గర జపానువాళ్ళు రోడ్డుకు అడ్డుకట్ట వేసి కాచారు. ట్యాంకులతో ఎన్నిసార్లు గుద్దినా దారి ఇవ్వలేదు. సేనాధిపతి అలెగ్జాండర్‌తో సహా మొత్తం సైన్యం చిక్కిపోయినట్టే. తెల్లవారి చూస్తే అడ్డుకట్ట లేదు! తమ ప్రధాన సేన రోడ్డు దాటి రంగూన్ వైపు తిరిగేవరకు పక్క కాయమని మాత్రమే వాళ్ళకు ఆజ్ఞ. సేన దాటింది, కాపలావాళ్ళు ఆజ్ఞ ప్రకారం లేచి వెళ్ళిపోయారు. జపానువాళ్ళ క్రమశిక్షణే బ్రిటిషువాళ్ళను బతికించింది. మేము టౌక్యాన్‌లోని యుద్ధ శ్మశానవాటికకు వెళ్ళాము. ఆరువేలకు పైగా సమాధులు, గడ్డి కత్తిరించినట్టుగా ఉంటుంది. దేహాలు దొరకని సైనికుల పేర్లు దాదాపు 27,000 రాతిస్తంభాల మీద చెక్కి ఉన్నాయి. మధ్యన ఉన్న శాసనం ఇంగ్లీషు, బర్మా, హిందీ, ఉర్దూ, పంజాబీ భాషల్లో ఉంది. తెలుగులో లేదు, తమిళంలో లేదు. అది సైనికుల స్థలం, కూలీల పేర్లకు చోటుండదు, ఒప్పుకుంటాము. అయితే వాళ్ళ పేర్లకు చోటెక్కడ?

మా నాయనమ్మ అప్పటికి ఎనిమిదేళ్ళ పిల్ల. ఫిబ్రవరి చివర వాళ్ళు రంగం వదిలారు. ముత్తాత, ముత్తవ్వ, నాయనమ్మ, నాలుగేళ్ళ తమ్ముడు. ప్రోమ్ వరకు నడక. అక్కడ వేలాదిమంది కాందిశీకులు, కలరా. ప్రోమ్ నుంచి అరకాన్ కొండల దారి కిక్కిరిసిపోయిందని విని పడవల మీదా, కాలినడకనా మాండలే వైపు, అక్కణ్ణుంచి మోనీవా, కలేవా, తామూ, ఇంఫాల్. పటం తీసి చూస్తే ఆ స్టువర్ట్ ట్యాంకులు ఆగి ఆగి పోరాడుతూ వెనక్కి తగ్గిన దారీ దాదాపు ఇదే. అంటే రెండున్నర నెలలపాటు మా నాయనమ్మ, 7వ ఆర్మర్డ్ బ్రిగేడు ఒకే దారిన ప్రయాణం చేశారన్నమాట! ఆవిడకు బ్రిగేడని తెలియదు. ఆవిడ పెట్టిన పేరు ఇనపదున్న.

"ఇనపదున్నలకి దారి ఒగ్గీమన్నారు. మేం గెడ్డలోకి దిగిపోనాం. దుమ్ముకి తమ్ముడు కానరాలేదు. నాను ఆడి సెయ్యి ఒగ్గలేదు" అనేది. ఇంతకు మించి చెప్పేది కాదు. తమ్ముడు కలేవా దాటాక, తామూ చేరకముందు పోయాడు. వాంతులు, విరేచనాలు, ఒకటిన్నర రోజు. ఈ రోజున మా వార్డులోనైతే సెలైను పెట్టి, సాయంత్రానికి లేపి కూర్చోబెడతాము. సెలైను లేకున్నా పంచదార, ఉప్పు కలిపిన శుభ్రమైన నీళ్ళు చాలు. ఆ సంగతి 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరాల్లో దిలీప్ మహలనబీస్ గారు వేలమంది మీద రుజువు చేసి చూపించారు. అప్పటికి ముప్పై ఏళ్ళ ఆలస్యం. తామూ దాటాక తెల్లవాళ్ళకొక దారి, మనవాళ్ళకొక దారి పెట్టారని అప్పట్లో మన పత్రికలూ నాయకులూ గగ్గోలు పెట్టారు. నాయనమ్మకు అదేమీ గుర్తులేదు. అన్ని దారులూ బురదేనన్నది.

ఇప్పుడు లెక్కలకు వస్తాము. మే నెలలో సైన్యం చింద్విన్ నదికి చేరింది. ట్యాంకులు దాటించడానికి తగిన పడవలు లేవు. ఇంజన్లలోంచి నూనె తీసేసి, బిగుసుకుపోయేవరకు వాటిని నడిపి, నది ఒడ్డున వదిలేశారు. ఒక్క ట్యాంకును మాత్రం ఎట్లాగో దాటించారు. 7వ హుస్సార్ల ట్యాంకు అది. పేరు 'కర్స్ ఆఫ్ స్కాట్లండ్'. దాన్ని తరువాత మన 7వ లైట్ కావల్రీవారు తీసుకుని, పై బురుజు తీసేసి, అధిపతి వాహనంగా మార్చుకుని 1945లో మళ్ళీ బర్మాకు తోలుకుపోయారు. చూడండి, వందకు పైగా ట్యాంకుల్లో దాటినదెన్నో ఒకటి దాకా తెలుసు, దాని పేరు తెలుసు, తరువాతి చరిత్ర తెలుసు. నడిచి వచ్చిన మనుషుల మాట? నేలదారిన భారతదేశం చేరినవాళ్ళు నాలుగు లక్షలకు పైగా అని అంచనా. దారిలో పోయినవాళ్ళు పదివేలంటారు ఒకరు, యాభైవేలంటారు ఇంకొకరు, అంతకన్నా ఎక్కువంటారు మరొకరు. నలభైవేల తేడా! మా వృత్తిలో ఇట్లాంటి తేడాతో కాగితం రాస్తే పట్టా పీకేస్తారు. హ్యూ టింకర్ అనే చరిత్రకారుడు 1975లో దీనిమీద వ్యాసం రాసినప్పుడు "మరచిపోయిన" అన్న విశేషణం పేరులోనే పెట్టవలసి వచ్చింది.

ఈ లెక్కలు మనసులో పెట్టుకుని 2023 జనవరిలో అహ్మద్‌నగర్ వెళ్ళాము. పుణేనుంచి కారులో మూడు గంటలు. ఆ ఊళ్ళో మన పద్మశాలీలు తరాలుగా ఉన్నారు. మధ్యాహ్నం ఒక ఇంట్లో జొన్నరొట్టెతో గోంగూరపచ్చడి దొరికిందంటే నమ్మండి. మ్యూజియాన్ని ఆర్మర్డ్ కోర్ శిక్షణ కేంద్రంవారు 1994 ఫిబ్రవరిలో నెలకొల్పారు. యాభై దాకా వాహనాలు, చెట్ల నీడన, రంగులు వేసి, వరసగా. శుభ్రతకు, ఓపికకు నూటికి నూరు మార్కులు వేస్తాము. మొదటి ప్రపంచయుద్ధం నాటి రోల్స్ రాయిస్ కవచకారు మొదలు, మటిల్డా, వాలెంటైన్, చర్చిల్, షెర్మన్, సెంచూరియన్, మన ఆవడిలో తయారైన విజయంత దాకా ఉన్నాయి. 1965లో చేజిక్కిన పాటన్ దగ్గర ఫోటోలకు రద్దీ. అది సహజం. మాకు కావలసినవి వేరే. స్టువర్టు ఒకటి, జపానువాళ్ళ టైప్ 95 హాగో, టైప్ 97 చీహా.

హాగోను చూసి మేము నిర్ఘాంతపోయాము. ఇంతేనా! ఏడున్నర టన్నులు, రేకుడబ్బాకు మేకులు కొట్టినట్టు చుట్టూ రివిట్లు. కవచం మందం అరంగుళం. లోపల ముగ్గురు. బురుజులో ఒక్కడే కూర్చుని చూడాలి, గుండు దూర్చాలి, పేల్చాలి, మిగిలిన ఇద్దరికీ ఆజ్ఞలివ్వాలి. 1942 మార్చి మొదటివారంలో పెగూ దగ్గర ఈ డబ్బాలే స్టువర్టులకు ఎదురుపడి దెబ్బతిన్నాయి. మా అమ్మాయి దాని చుట్టూ తిరిగి, "లోపల ఎట్లా కూర్చుంటారు నాన్నా?" అన్నది. మేము మా ఆరడుగుల దేహాన్ని ఊహలో మడిచి చూసుకున్నాము. మడత పడలేదు.

మా ఇంటావిడకు అక్కడ ఒక గర్వకారణం దొరికింది. 1945 మార్చిలో మీక్టీలాను షెర్మన్ ట్యాంకులతో పట్టుకున్న బ్రిగేడులో రాయల్ డెక్కన్ హార్స్ ఉన్నది. దాని మూలాలు నిజాం రాజ్యంలోని హైదరాబాదు కంటింజెంటులో ఉన్నాయి, బొల్లారం దండులో. పైగా బర్మాలో 16వ లైట్ కావల్రీకి అధిపతిగా ఉన్న చౌధురిగారే 1948 సెప్టెంబరులో షోలాపూరు రోడ్డున ట్యాంకులతో హైదరాబాదులో ప్రవేశించి, సైనిక గవర్నరయ్యారు. వాళ్ళ తాతగారు ఆ ట్యాంకులను చూశారట. "చూశారా, మావాళ్ళు ట్యాంకు మీద, మీవాళ్ళు గట్టు కింద" అన్నది. డెక్కన్ హార్స్ పేరు మాత్రమే మనది, ఎక్కినవాళ్ళు ఎక్కువగా ఉత్తరాదివాళ్ళని మేము గుర్తుచేశాము. ఆవిడ వినలేదు.

అహ్మద్‌నగరైనా, బోవింగ్టనైనా, ఈ జాతి మ్యూజియంలన్నిటికీ ఒక అలవాటున్నది. పలక మీద బరువు, తుపాకి కొలత, ఇంజను, గంటకు మైళ్ళు, కవచం మందం రాస్తారు. సరిగ్గా మేము కేసు షీటు మొదటి పేజీలో రాసేవాటిలాంటివి: ఎత్తు, బరువు, నాడి, రక్తపోటు. ఆ పేజీతో రోగం తెలియదు. రోగిని అడగాలి, ఎక్కణ్ణుంచి వచ్చావు, ఎప్పుడు మొదలైంది, వెంట ఎవరున్నారు. ట్యాంకు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఏ రేవులో దిగింది? ఎవరు దించారు, ఎవరు దించవలసింది? దాని దారిన ఎవరు పక్కకు తప్పుకున్నారు? ఈ పేజీ రాయకపోతే యంత్రం తనంతట తాను పుట్టి తనంతట తాను తిరిగిందనిపిస్తుంది.

అట్లా అనిపించడం ఊహ కాదు. 2016లో బోవింగ్టన్‌లో స్టువర్ట్ ముందు దిగిన ఫోటోను టెక్కలి వెళ్ళినప్పుడు మా నాయనమ్మకు చూపించాము. అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, "ఇంత సిన్నదా దున్న?" అన్నది. తరువాత ఇనుపమూత తెరిచి ఉన్న చోట వేలు పెట్టి, "ఇదేటి?" అన్నది. మనుషులు దిగే చోటని చెప్పాము.

"లోపల మనుసులుండీవోరా?"

డెబ్బై నాలుగేళ్ళు ఆవిడకు ఆ సంగతి తెలియదు. దానంతట అదే వచ్చే జంతువనే అనుకున్నది. నలుగురుండేవారు నాయనమ్మా, లోపల పెట్రోలు ఇంజను, ఆ ఎండకు ఇనుము కాలిపోయేది, స్పృహ తప్పేవారు, గుండు తగిలితే లోపలే తగలబడేవారు అని చెప్పాము. ఆవిడ కాసేపు ఊరుకుని, "పాపం, ఆ కుర్రోళ్ళు నీళ్ళడగలేదేటి మరి" అన్నది. 2018లో ఆవిడ పోయింది.

బోవింగ్టన్‌లో ఒక సెంచూరియన్‌ను నిలువునా కోసి పెట్టారు. మెడికల్ కాలేజీలో అనాటమీ బల్ల గుర్తొచ్చింది మాకు. ఎవరి కాళ్ళు ఎక్కడ, ఎవరి తల ఎక్కడ, గుండ్లు ఎవరి మోకాలి పక్కన, అంతా కనబడుతుంది. ఆ మ్యూజియంలో జనం మూగేది ట్యునీషియాలో పట్టుబడిన టైగర్ 131 చుట్టూ. మా ఓటు మాత్రం ఈ కోసిన దానికే. విశాఖ బీచిలో కుర్సురా జలాంతర్గామిని 2002లో ప్రదర్శనకు పెట్టారు, మనలో చాలామంది సెలవుల్లో పిల్లలతో దూరి చూసినవాళ్ళే. అక్కడ చూపించేది నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్ళు. ఏ బల్ల మీద ఎవరు పడుకునేవారో చెబుతారు. లోపలికి వెళ్ళినవాడు వంగి వంగి నడిచి బయటికొచ్చి నడుము పట్టుకుంటాడు. ఆ నడుమునొప్పే ఏ పలకా చెప్పలేని పాఠం. మేక కాళ్ళు కట్టి పడేసినట్టు ఇనుపగోడ అవతల నిలబడి బరువూ వేగమూ చదువుకోవడం కన్నా అది వెయ్యిరెట్లు నయం.

ట్యాంకు లోపలి మనిషిని చూపించే దారి ఈ రెండుచోట్లా దొరికింది. బయటి మనిషిని చూపించే దారి ఎవరూ తొక్కలేదు. ఆ పని కష్టం కూడా. కూలివాడు వదిలిపెట్టిన వస్తువు ఏముంటుంది గనుక? బస్తా లాగే ఇనుపకొక్కెం, తలపాగా, సత్తుగిన్నె. మా ఇంట్లో రంగం నుంచి వచ్చిన వస్తువు ఒక్కటే, మూతలేని ఇత్తడి కూజా. దాన్ని నాయనమ్మ తలగడ పక్కన పెట్టుకునేది. దాన్ని పదమూడు టన్నుల స్టువర్ట్ పక్కన పెడితే కనబడదని మాకు తెలుసు. అయినా పక్కన పెడితేనే దాని బరువు తెలుస్తుంది. దారి పటం ఒకటి కూడా ఉండాలి, రంగూన్ నుంచి చింద్విన్ దాకా, ట్యాంకుల తేదీలు ఒక రంగులో, కాందిశీకుల తేదీలు ఇంకో రంగులో. దీనికి డబ్బు ఖర్చు కాదు, గోడ మీద రెండు గజాల చోటు.

మన సంఘం సభ్యుల్లో రంగం పోయివచ్చిన కుటుంబాలు మేమెరిగినవే మూడున్నాయి. ఎరగనివి ఇంకా ఉండాలి. పెద్దవాళ్ళను అడిగి ఏ రేవులో ఎక్కారో, ఏ దారిన వచ్చారో, ఎవరు మిగిలిపోయారో రాసి సంపాదకులకు పంపితే ఒకచోట చేరుస్తాము. అహ్మద్‌నగర్ వారికీ, బోవింగ్టన్ వారికీ పంపడానికి, స్టువర్ట్ పక్కన పెట్టదగిన పలక ఒకటి మేము రాసి పెట్టాము. దిద్దుబాట్లు చెప్పండి:

"ఈ రకం ట్యాంకులు వందకు పైగా 1942 ఫిబ్రవరి 21న రంగూన్ రేవుకు చేరాయి. వాటిని దించవలసిన తెలుగు, తమిళ, ఒరియా కూలీలలో చాలామంది అప్పటికే ప్రాణాలు దక్కించుకోవడానికి కాలినడకన భారతదేశానికి బయలుదేరారు. తరువాత ట్యాంకులూ అదే దారి పట్టాయి. మే నెలలో చింద్విన్ నదిని ఒక ట్యాంకు దాటింది. నడిచి భారతదేశం చేరినవారు నాలుగు లక్షలకు పైగా అని అంచనా. దారిలో పోయినవారిని ఎవరూ లెక్కపెట్టలేదు."

రెండవ వాక్యం మీద మా ఇంట్లో ఇంకా తగవు తెగలేదు. ఇంటావిడ "రేవు కార్మికులు" అంటే మర్యాదగా ఉంటుందంటున్నది. ఊరినుంచి మా నాన్నగారు ఫోనులో "ఉద్యోగులు" అని వెయ్యమంటున్నారు. ప్రస్తుతానికి "కూలీలు" అనే ఉంచాము. నాన్నగారు ఒప్పుకోలేదు.